కొయ్యలు లేని దీర్ఘశాంతం

నా తెలివితక్కువతనం గురించి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదువుతూ చదువుతూ మీరే కనిపెట్టి నా మీద జాలిపడతారు, అది ఇంకా కష్టం. పాతకాలపు బ్రిటిష్ యుద్ధనౌక ఒకదాని తెరచాప కొయ్యలు కోసేసింది బ్రిటిష్ నౌకాదళమేనని నేను ఇంచుమించు నా వయసంతా నమ్మాను. కోసింది మా నాన్న. జర్మనీలోని జిండెల్ఫింగెన్ ఊళ్లో, మా ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక కోశాడు. ఆయన చెక్కతో కట్టిన ఆ నమూనా ఓడ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నది నేనే. అంటే నేను కళ్లారా చూసిన సాక్షిని మాత్రమే కాదు, చేతులారా చేసిన సహాయకుణ్ణి. అయినా ఎవరు కోశారని అడిగితే ‘చరిత్ర’ అని జవాబు చెప్పేవాణ్ణి. కళ్లున్నవాడు గుడ్డివాడు కావాలంటే కష్టపడాలి. నేను ఏ కష్టమూ లేకుండా అయ్యాను.

ఈ సంగతి నాకు తెలిసింది మొన్న వసంతంలో. మా అక్క కృప పోయిన కొన్ని నెలలకి ఆమె కూతురు లేనా బెర్లిన్ నుంచి వచ్చింది. లేనాకి తెలుగులో ‘మావయ్యా’, ‘పులుసు’, ‘చాలు’ వచ్చు. ఈ మూడింటితో మా ఇంట్లో ఎన్నాళ్లయినా బతకొచ్చు. మిగిలినదంతా జర్మన్. కాఫీ తాగి, కప్పు తనే కడిగి బోర్లించి, “మావయ్యా, అమ్మ ఓడ చూపిస్తావా?” అంది. నాకు చురుక్కుమంది. మేమెప్పుడూ దాన్ని నాన్న ఓడ అనేవాళ్లం. కెల్లర్‌లోకి, అదే ఇంటి కింద నేలమాళిగలోకి, దిగి, పాత చలికోట్ల సంచుల మధ్య దుప్పటి కప్పుకుని పడుకున్న ఓడని పైకి తెచ్చి బల్ల మీద పెట్టాను. లేనా దాని చుట్టూ తిరిగింది. వంగి చూసింది. “తాళ్లేవి?” అంది.

“కొయ్యలే లేవు కదా, ఇంక తాళ్లెక్కడివి? యుద్ధంలో దెబ్బతిన్నాక కొయ్యలు తీసేసి, దీన్ని ఒక రేవులో కట్టిపడేసి ఆసుపత్రిగా వాడుకున్నారు,” అన్నాను, అచ్చం మా నాన్న గొంతు పెట్టి.

“కాదు మావయ్యా,” అంది ఆ పిల్ల చాలా మామూలుగా. “యుద్ధం తర్వాత బాగుచేశారు. తర్వాత చాలా ఏళ్లు సరుకుల ఓడలకి కాపలా తిరిగింది. ఉత్తరాలు మోసింది. ఎవరికీ తెలియని తీరాల దగ్గర నీళ్ల లోతు కొలిచింది. బానిసల్ని తీసుకుపోయే ఓడల్ని తరిమింది. బాగా ముసలిదయ్యాకే కొయ్యలు తీశారు. నేను పడుకునే ముందు అమ్మ రోజుకో ఏడాది చెప్పేది కదా. కొయ్యలు తీసే చోటికి ఎప్పుడూ రానిచ్చేది కాదు, మళ్లీ మొదటికి వెళ్లేది.”

లేనా వెళ్లిపోయాక లైబ్రరీ ద్వారా పుస్తకం తెప్పించుకుని చదివాను. ఇన్నేళ్లలో నేను ఆ పని ఒక్కసారీ చెయ్యలేదు, నాన్న చెప్పాక మళ్లీ చదవడమేమిటని. పిల్ల చెప్పిందే నిజం. ఓడ బతుకులో మంచి సగం మా నాన్న మింగేశాడు.

మా ఇంట్లో జర్మనీకి ముందు వచ్చింది అమ్మ. నర్సుగా వచ్చింది. ఆవిడ వెనకాల పెట్టె పట్టుకుని నాన్న దిగాడు. మగవాడు అలా దిగడం ఆ రోజుల్లో కాకినాడ వైపు చాలాకాలం చెప్పుకున్నారట. కారు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పని దొరికింది. నాన్న పేరు ప్రభుదాసు. జర్మన్లు ‘హెర్ దాస్’ అనేవాళ్లు. వాళ్ల భాషలో హెర్ అంటే గారు, దాస్ అంటే ‘అది’. ఫ్యాక్టరీ మొత్తం మా నాన్నని మర్యాదగా ‘అది గారూ’ అని పిలిచేదన్నమాట. ఇంట్లో మాత్రం ఆయన ఏదంటే అది. ఉదయం చీకటితో లేచి, ప్రార్థన చేసి, అమ్మ రాత్రి డ్యూటీ నుంచి వచ్చేలోగా కాఫీ కాచి, దాని మీద సాసరు మూతపెట్టి వెళ్లేవాడు. ఆ సాసరు తీసి అమ్మ ముఖానికి ఆవిరి పట్టుకునేది. ఆయన ప్రేమ అంతా అలా మూత కింద ఉండేది. తీసినవాళ్లకే వెచ్చదనం తెలిసేది.

నాన్నది తాళ్లరేవు. పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవాళ్లు, దూరదేశాల ఓడల్ని ఒడ్డుకు లాగి, పక్కకు ఒరగబెట్టి, అడుగు గీకి తారు పూసి పంపేవాళ్లు. అలా వచ్చినవాటిలో పేషెన్స్ అనే ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌక ఒకటుందని నాన్నకి ఏదో పుస్తకంలో కనిపించింది. “మా ఊరివాళ్లు దీని కడుపు గీకారురా!” అన్నాడు, తన పెళ్లికి వచ్చిన పెద్దమనిషి ఫోటో దొరికినట్టు. అంతే, దాని నమూనా కట్టడం మొదలైంది. పేరు చర్చి తెలుగులోకి మార్చి ‘దీర్ఘశాంతం’ అని పిలిచేవాడు. అందులో దీర్ఘం నిజమే, పొట్టి బీరువా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండేది. శాంతం సంగతి మేం చూస్తూనే ఉన్నాం. “ఈ ఇంట్లో దీర్ఘశాంతం ఉందంటే ఆ చెక్కలోనే ఉంది,” అనేది అమ్మ, బీరువా మీద దుమ్ము దులుపుతూ.

నమూనా ఓడలు కట్టేవాళ్ల క్లబ్బు ఒకటి ఊళ్లో ఉండేది, ఇప్పటికీ ఉంది. వాళ్లందరూ ఓడని దాని మంచి రోజుల్లో ఎలా ఉందో అలా కట్టి, గాజుపెట్టెలో పెట్టి, ఇంక ముట్టుకునేవాళ్లు కాదు. నాన్నకి అది నచ్చలేదు. “మనిషిని పెళ్లి ఫోటో దగ్గరే ఆపేస్తారా?” అనేవాడు. మా ఓడ బతుకుతూ ఉండేది. ప్రతి జనవరి ఒకటో తారీకున, చర్చి అయ్యాక, భోజనమయ్యాక, దాన్ని బల్ల మీదకి దించేవాళ్లం. అసలు ఓడ చరిత్రలో ఆ తర్వాతి ఏడాది ఏం జరిగిందో అదే మా ఓడకీ జరగాలి. తుపానులో ముందు కొయ్య విరిగితే మాదీ విరగాలి. రంగు మార్చితే మాదీ మార్చాలి. ఫిరంగులు తగ్గిస్తే మావీ దిగాలి. యుద్ధం ఎప్పుడొస్తుందా అని నాకు ఆత్రం. “నాన్నా, మధ్యలో ఏళ్లు వదిలేసి యుద్ధానికి వెళ్లిపోదాం,” అన్నానొకసారి. నాన్న నిజంగానే కోప్పడ్డాడు. “ఒకరి ఆయుష్షు దాటించేస్తావా? వరసలో రావాలి. దేవుడైనా వరస తప్పడు.” ఆ మాట నాకు ఎంత బాగా ఎక్కిందంటే, ఆయన వరస తప్పుతాడనే ఆలోచన తర్వాత నాకు రానే రాలేదు. నా మూర్ఖత్వానికి పునాది వేసింది ఆయనే, గోడలు మాత్రం నేనే లేపుకున్నాను.

చెక్కపని నాన్నది. తాళ్ల పని అక్కది. ఊరిపేరు తాళ్లరేవు అయినందుకేమో, తాళ్లు ఆమె వేళ్లకి వాటంతటవే లొంగేవి. నార దారాన్ని చిక్కటి టీలో నానబెట్టి, ఆరేసి, తేనెమైనం కరగబెట్టి అందులో లాగి, ఒక్కో తాడూ పేనేది. వంటింట్లో అమ్మ చేపల పులుసు, ముందుగదిలో మైనం, రంపం పొట్టు, ఫ్యాక్టరీ సబ్బుతో కడిగిన నాన్న చేతులు: ఈ వాసనలన్నీ కలిస్తే నాకు కొత్త సంవత్సరం. పుస్తకాలు చదివేదీ అక్కే. నాన్నకి వచ్చిన ఇంగ్లీషు డ్రాయింగుల అడుగున రాయడానికి సరిపోయేది. అక్క చదివి చెబితే ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. “తర్వాత?” అనేవాడు. “తర్వాత వచ్చే జనవరికి,” అనేది అక్క. ముందు ముందు ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు, మాకు చెప్పేది కాదు. నేను బతిమాలితే, “నువ్వు చదువుకోవచ్చు కదరా, అక్షరాలు కరుస్తాయా?” అనేది. నేను చదవలేదు. అక్షరాలు కరవలేదు కానీ, కరిచేది వేరే ఉంటుందని అప్పుడు తెలియదు.

కింది అంతస్తులో ఫ్రౌ బోమ్ అనే ఆవిడ ఉండేది. మెట్లు ఊడ్చే వంతు ఎవరిదో ఆ వారం వాళ్ల తలుపుకి పలక వేలాడదీసే ఊరు మాది. పలక మా తలుపుకి ఉన్న వారం ఆవిడ ప్రతి మెట్టు మీదా వేలు రాసి చూసుకునేది. ఆవిడ కొడుకు మార్టిన్, వడ్రంగం నేర్చుకుంటున్న పొడుగు కుర్రాడు. ఓడ గురించి విని ఒకరోజు చూడ్డానికి వచ్చాడు. మర్నాడు మంచి బేరిచెట్టు చెక్క ముక్కలు జేబులో వేసుకొచ్చాడు. నాన్న పొంగిపోయాడు. ఫ్యాక్టరీలో తనని ‘అది’ అని పిలిచే మనుషుల మధ్య ఇన్నేళ్లకి ఒక జర్మన్ పిల్లవాడు పక్కన కూర్చుని, “తర్వాత ఏమైంది హెర్ దాస్?” అని అడుగుతున్నాడు. వాడి చేత ఎండుచేపల వేపుడు తినిపించాడు. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని, బాగుందన్నాడు. దారం కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కాబట్టి అక్క పక్కన కూర్చోబెట్టాడు. ఆ దారం ఎటు లాగుతోందో మా ఇంట్లో ఇద్దరికే తెలుసు, వాళ్లు చెప్పలేదు. మూడో మనిషి అమ్మకి అనుమానం. నాకూ నాన్నకీ ఓడ ఒక్కటే కనిపించేది.

ఆ ఏడాదే దీర్ఘశాంతానికి యుద్ధం వచ్చింది. ఫ్రెంచివాళ్ల ఓడతో పోరాడి గెలిచింది, వెనక కొయ్య విరిగి సముద్రంలో పడిపోయింది. జనవరిలో నాన్న ఆ కొయ్యని చేత్తో విరిచాడు. కోసినట్టు కనపడకూడదట. అక్క తన తాళ్లని తనే తెంపింది, నవ్వుతూ. “వచ్చే జనవరికి కొత్త కొయ్య, కొత్త తాళ్లు,” అంది. అది విన్నాను. మళ్లీ చెబుతున్నాను, అది నేను విన్నాను. కొందరికి చెవులు కళ్లద్దాలు నిలబెట్టుకోవడానికే ఉంటాయి.

ఆకులు రాలే రోజుల్లో గొడవ బయటపడింది. కాకినాడలో తన స్నేహితుడి కొడుకుకి అక్కనిస్తానని నాన్న మాటిచ్చి, అది చెప్పడానికి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టాడు. అక్క మార్టిన్ పేరు చెప్పింది.

“ఆ అబ్బాయి ఓడ కోసం వస్తున్నాడనుకున్నాను,” అన్నాడు నాన్న.

“ఓడ కోసమే వచ్చాడు నాన్నా. నా కోసం ఉండిపోయాడు.”

“అక్కడ మాటిచ్చేశాను నేను.”

“నన్నడిగి ఇచ్చావా?”

“నిన్నడిగి కన్నామా?”

“ఏవండీ, కాస్త మెల్లిగా,” అంది అమ్మ. “కింద వాళ్లమ్మ వింటది.”

“విననీ! తెలుగొచ్చా ఆవిడకి?”

“కేకలకి తెలుగేంటండీ, జర్మనేంటి!”

నవ్వాల్సిన మాటే. నేను నవ్వాను కూడా. నాన్న నా వైపు చూసిన చూపుకి నవ్వు సగంలో ఆగిపోయింది. మార్టిన్‌కి బెర్లిన్‌లో పని దొరికింది. అక్క అతనితో వెళ్లే రోజున నాన్న గుమ్మం దగ్గర నిలబడి, వెళితే ఈ గుమ్మం మళ్లీ తొక్కొద్దన్నాడు. అక్క చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండా అంది: “జనవరికి వస్తా నాన్నా. వెనక కొయ్యకి తాళ్లు కట్టాలిగా. నువ్వు కట్టలేవు.” నాన్న రావొద్దని మళ్లీ అనలేదు. అమ్మ ఆ మౌనాన్ని కొంగున కట్టుకుంది. “వస్తదిరా,” అనేది నాతో, పప్పు రుబ్బుతూ, బట్టలు మడత పెడుతూ. “ఓడ పని పడింది కాబట్టి వస్తది. ఆయన కాదనలేడు. పనికి వచ్చిన మనిషిని పొమ్మనడు కదా.” అది నాకూ అర్థమైంది. కోపం మనుషుల మధ్య, పని ఓడది. వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోడానికి మిగిలిన దారి అదొక్కటే.

క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం. చర్చిలో నాన్న ఎప్పటికన్నా గట్టిగా పాడాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, కాలం కాని కాలంలో, ఓడని బల్ల మీదకి దించాడు. సన్నరంపం తీశాడు. “పట్టుకోరా,” అన్నాడు. “దీని టైము వచ్చింది. యుద్ధం తర్వాత దీనికి కొయ్యలు తీసేశారు. రేవులో కట్టేసి రోగుల్ని పెట్టారు.” నేను పట్టుకున్నాను. రంపం ఆడుతుంటే ఓడ పొట్ట నా అరచేతుల్లో సన్నగా వణికింది. ముందు కొయ్య పడింది, తాళ్లతో సహా, వలలో పడ్డ పిట్టలా. పెద్ద కొయ్య వెంటనే పడలేదు. అక్క కట్టిన తాళ్లు దాన్ని నిలబెట్టి ఉంచాయి, కింద కోసేశాక కూడా. నాన్న కత్తెర అడిగాడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయింది.

“ఏవండీ... ఆ తాళ్లు పిల్ల ఎన్నాళ్లు కూచుని కట్టిందండీ.”

“నేను కొయ్యట్లేదు సుగుణా,” అన్నాడు నాన్న, ఓడ మీంచి కళ్లు తీయకుండా. “వాళ్లు కోశారు. అలా జరిగింది దానికి.”

కొయ్యలన్నాక కోసేవాళ్లుంటారు అని నేనేదో అన్నట్టు గుర్తు, వాతావరణం తేలిక చేద్దామని. నా తమాషాలు ఎప్పుడూ తప్పు స్టేషన్లో దిగుతాయి. అమ్మ చీపురు తెచ్చి పొట్టూ దారాలూ ఊడ్చింది. ఆ వారం మెట్లు ఊడ్చే వంతు కూడా మాదే. అదే చీపురుతో కింది దాకా ఊడ్చుకుంటూ వెళ్లింది. మామూలు కన్నా చాలాసేపటికి గానీ పైకి రాలేదు. ఫ్రౌ బోమ్ గుమ్మంలో ఇద్దరు తల్లులూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో తెలియదు. ఫ్రౌ బోమ్ తర్వాత ఎప్పుడూ మెట్ల మీద వేలు రాసి చూడలేదు.

కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు ఫోను మోగింది. నేనే తీశాను. అక్క. గొంతులో ఉత్సాహం. “రైలు టికెట్టు కొనేశాను. నాన్న ఏమైనా అంటున్నాడా? కొత్త కొయ్యకి చెక్క కోసి ఉంచాడా?” అంది.

“ఇంక తాళ్ల పని లేదక్కా,” అన్నాను. వార్త ముందుగా నాకు తెలిసినందుకు కాస్త గర్వంగా కూడా. “కొయ్యలన్నీ తీసేశాం. టైమొచ్చింది. యుద్ధం తర్వాత తీసేశారంట కదా.”

ఆ పుస్తకాలు మాకు చదివి చెప్పిందే ఆమె. ఆమెకే నేను చరిత్ర చెబుతున్నాను.

“ఎవరన్నారు?” అంది.

“నాన్న.”

“ఓహో,” అంది. “నాన్న చెప్పాడంటే... అంతేలే.” తర్వాత, “చదువుకుంటున్నావా?” అని అడిగింది. “అమ్మకివ్వు,” అంది.

రాలేదు. టికెట్టు ఏం చేసిందో తెలియదు. ఆమె ఒక్కమాట అని ఉంటే, అది అబద్ధంరా తమ్ముడూ అని ఉంటే, నేను పుస్తకం తెరిచి చూసేవాణ్ణేమో. అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఇన్నేళ్లలో నేను బెర్లిన్ వెళ్లినప్పుడల్లా ఆమె వంటింట్లో కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకున్నాం, ఒక్కసారీ అనలేదు. ఎందుకో లేనా వచ్చి వెళ్లాకే అర్థమైంది. నేను ఇంకా ఆ ఇంట్లో ఆ మనిషి కింద పెరగాలి. ఆయన అబద్ధమాడతాడని నాకు చెబితే, తను పోగొట్టుకున్న నాన్నని నేనూ పోగొట్టుకుంటాను. తనకి పోయినవాణ్ణి నాకు మిగల్చడానికి ఆమె నోరు మూసుకుంది, పోయేదాకా. నేను ఆయన్ని హాయిగా గౌరవించుకుంటూ బతికాను, ఆమె ఖర్చుతో.

ఆ జనవరి ఒకటిన మధ్యాహ్నం నాన్న తేనెమైనం కరగబెట్టాడు. ఎందుకో ఆయనకే తెలియాలి. తాళ్లు లేవు, కొయ్యలు లేవు, మైనం మాత్రం చిన్న గిన్నెలో కరుగుతోంది. తలుపు వైపు వీపు పెట్టి కూర్చునే మనిషి ఆ రోజు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరో ఎక్కే చప్పుడైతే అమ్మ వంటింట్లో గరిటె ఆపింది. పై అంతస్తువాళ్లు. మైనం గడ్డకట్టాక నాన్న లేచి ఓడని బీరువా మీద పెట్టేశాడు. తర్వాతి జనవరికి మరి చేయడానికేమీ లేదు. ఏళ్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో వాడేసుకున్నాడు. ఆ ఓడకి ఇంక మిగిలింది విరగ్గొట్టి కలప అమ్మేయడం ఒక్కటే. దానికి ఆయన చెయ్యి రాలేదు. ప్రతి కొత్త సంవత్సరం దించడం, మెత్తటి గుడ్డతో తుడవడం, మళ్లీ పెట్టేయడం. క్లబ్బువాళ్లు అడిగితే, “అది రిటైరైంది,” అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు.

అక్క పేరు ఆయన మళ్లీ పలకలేదు. ప్రార్థనలో కూడా. ‘మా బిడ్డలు’ అనేవాడు, బహువచనంలో. దేవుడు ఆ బహువచనాన్ని ఎలా తీసుకున్నాడో. అమ్మ వారానికోసారి ఆసుపత్రి ఫోనులో అక్కతో మాట్లాడేది. లేనా పుట్టిన సంగతి అలాగే తెలిసింది. అమ్మ ఇంట్లో చెబితే నాన్న, “అన్నం పెట్టు,” అన్నాడు, పెడితే తినలేదు. అదే ఆసుపత్రిలో ఆయన ఆఖరి రోజుల్లో నన్ను దగ్గరికి పిలిచి, “ఓడ ఉందా?” అన్నాడు. ఉందన్నాను. “విరగ్గొట్టకు,” అన్నాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని వంగాను. సమాధి దగ్గర అక్క అందరికీ వెనక, మార్టిన్ పట్టిన గొడుగు కింద నిలబడింది. పనికి కూడా పిలవని మనిషిలా. ఆ తర్వాత అమ్మ తన పెట్టె సర్దుకుని బెర్లిన్‌కి, అక్క ఇంటికి వెళ్లిపోయి అక్కడే కన్నుమూసింది. ఆవిడ జీవితంలో చేసిన ఒకే ఒక్క తిరుగుబాటు అది. ఒక రోగిని ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి మార్చినంత చప్పుడు లేకుండా చేసింది.

ఇప్పుడు మా మెట్ల మీద తెలుగు ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. “అంకుల్, ఆఫీసులో టెర్మిన్ దొరకట్లేదు, అపాయింట్‌మెంట్ లేకుండా ఏం చెయ్యాలి?” అని తలుపు కొట్టే పిల్లలు. పై అంతస్తులో గుంటూరు అబ్బాయి పోయిన వేసవిలో తనతో పనిచేసే జర్మన్ అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి, విందులో కోడలి తండ్రి భుజం మీద చెయ్యేసి డాన్సు చేశారు. “మీ కాలంలో ఇలాంటివి ఉండేవా అంకుల్?” అని అడిగాడు ఆ అబ్బాయి, ప్లేటులో నాకు ఇంకో గారె వేస్తూ. ఉండేవి నాయనా అన్నాను. గారె బాగుందన్నాను. అంత తేలికగా అయిపోయే పని మా ఇంట్లో ఎందుకంత బరువైపోయిందో ఆ డాన్సు చూస్తూ నాకు అంతుపట్టలేదు. ఆ పెద్దాయనకి మా నాన్న కన్నా మంచి మనసేమీ ఉండక్కర్లేదు. కాలం ఆయన చేతికి రంపం ఇవ్వలేదు, అంతే. కొందరి తప్పులు కాలమే చేయనివ్వదు. కొందరి చేత దగ్గరుండి చేయిస్తుంది. అలా అనుకుంటే నాన్న మీద కోపం తగ్గాలి. తగ్గుతుంది, మళ్లీ నా అరచేతుల్లో ఓడ వణికిన వణుకు గుర్తొస్తుంది.

శరదృతువులో క్లబ్బువాళ్లు ఫోను చేశారు. ఊరి హాల్లో నమూనా ఓడల ప్రదర్శన, పాత సభ్యుల ఓడలన్నీ పెడుతున్నాం, హెర్ దాస్ ఓడ కూడా ఉంటే బాగుంటుంది అన్నారు. తాళ్లు మళ్లీ కట్టించి ఇద్దామా అని మొదట అనుకున్నాను. దారం కొన్నాను కూడా. నా వేళ్లకి ఒక్క ముడీ లొంగలేదు. లొంగినా అవి నా ముళ్లే అవుతాయి. ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకెళ్లాను. చుట్టూ తెల్లటి తెరచాపలతో పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్న ఓడల మధ్య మాది బోడితలతో కూర్చుంది. లేనా కూడా బెర్లిన్ నుంచి వచ్చింది. ఓడ ముందు పెట్టే అట్ట మీద వివరాలు రాయమన్నారు. రాశాను: ‘యుద్ధనౌక పేషెన్స్. చెక్కపని: ప్రభుదాస్. తాళ్ల పని: కృప దాస్.’

క్లబ్బు అధ్యక్షుడు, నాన్నతో కలిసి ఫ్యాక్టరీలో పనిచేసినాయన, ఇప్పుడు చెవి మిషనుతో నడుస్తున్నాడు. అట్ట చదివి, ఓడ చూసి, మళ్లీ అట్ట చదివాడు.

“ఇందులో తాళ్లే లేవు కదా!”

“లేవు.”

“మరి ఇలా రాస్తే వచ్చేవాళ్లందరూ అడుగుతారు.”

“అడగనివ్వండి,” అన్నాను. “అందుకే కుర్చీ కూడా తెచ్చుకున్నాను.”

ఆయన కుర్చీ వైపు, నా వైపు చూశాడు. “ఎవరీవిడ? క్రుపా?”

“కృప. మా అక్క. తాళ్లన్నీ ఆమే కట్టింది, చాలా అందంగా. మా నాన్న కోసేశాడు. ఓడకి ఇంకా చాలా ఆయుష్షు ఉండగా కోసేశాడు. చరిత్రలో అలా లేదు, నేను చూసుకున్నాను.”

ముసలాయన మళ్లీ అట్ట మీదకి వంగాడు. “క్రుప్ప,” అన్నాడు, జాగ్రత్తగా.

“కాదండీ. కృప.”

పక్కన లేనా పెదవులు కదిపి చూపించింది. మూడోసారికి ఆయన సరిగ్గా అన్నాడు. నిజంగానే వచ్చినవాళ్లందరూ అడిగారు. తాళ్లేవీ అని. ఎవరినీ వదల్లేదు. నాన్న క్లబ్బులో, నాన్న స్నేహితుల ఎదుట, నాన్న చచ్చేదాకా పలకని పేరుని హాలు మూసేదాకా ప్రతి జర్మన్ నోటా సరిగ్గా పలికే వరకూ పలికించి గానీ పంపలేదు.